అనగనగా నుంచి కంచి దాకా: కథ ఎత్తుగడ, ముగింపు - బడిలో వాటి చరిత్ర

రాష్ట్రేతర ప్రాంతాల తెలుగు పిల్లలకు సెలవు రోజుల్లో నడిపే తరగతుల్లో మేము తరచు గమనించే విషయం ఒకటుంది. కథ చెప్పమంటే ఒకలా చెబుతారు, అదే కథ రాయమంటే వేరొకలా రాస్తారు. హోసూరు వైపు నుంచి వచ్చిన ఒక పాప తన అవ్వ గురించి చెబుతూ, "మా అవ్వ కోడిని అమ్మేది లేదనింది" అని మొదలుపెట్టింది. బేరానికి వచ్చినవాడు ధర పెంచుతూ పోయాడు, అవ్వ తల అడ్డంగా ఊపుతూ పోయింది. ఆ కోడిని చనిపోయిన తాత సంతలో కొని తెచ్చాడని కథ మధ్యలో గాని తెలియలేదు. "ఇప్పుడు అది గుడ్లు పెట్టదు. అయినా అవ్వ దాన్ని పేరు పెట్టి పిలుస్తాది" అంటూ పాప ముగించింది. తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు అదే కథ రాసి తెచ్చింది. "అనగనగా ఒక ఊరిలో ఒక అవ్వ ఉండెను. ఆమె వద్ద ఒక కోడి ఉండెను" అని మొదలు. "ఈ కథలోని నీతి: జంతువులను ప్రేమించవలెను" అని చివర. తాత లేడు, సంత లేదు, బేరం లేదు. అక్షరదోషం ఒక్కటి కూడా లేదు గాని, కథ పోయింది.

ఇది ఆ పాప చేసిన తప్పు కాదని మా అభిప్రాయం. ఆ "ఉండెను"కూ, ఆ "నీతి"కీ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే, పిల్లలకు కథ ఎత్తుగడను, ముగింపును ఎలా నేర్పాలో కొంతవరకు తెలుస్తుంది. ఈ వ్యాసంలో ఆ ప్రయత్నం చేస్తున్నాము.

వినేవాడితో ఒప్పందం

"అనగనగా" అనే మాటను విడదీస్తే "అనగా అనగా" అవుతుంది. ఒకరు అంటూ ఉండగా, మరొకరు అంటూ ఉండగా మనదాకా వచ్చిన మాట అని దాని భావం. చెప్పేవాడు తాను కళ్ళారా చూశానని అనడం లేదు. విన్నాను, నువ్వూ విను అంటున్నాడు. అందుకే వినేవాడు "ఊ" కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. పిల్లవాడు నిద్రపోయాడని అవ్వకు తెలిసేది ఊ ఆగినప్పుడే. "కథ కంచికి, మనం ఇంటికి" అనగానే ఆ ఒప్పందం రద్దవుతుంది. కథ లోకం వేరు, మన వాకిలి వేరు అని, ఇక లేచి వెళ్ళవచ్చునని అర్థం.

మన చుట్టూ ఉన్న భాషల్లోనూ ఇటువంటి ఒప్పందాలున్నాయి. తమిళంలో "ఒరే ఒరు ఊర్లే ఒరు రాజా" అని ఎత్తుకుంటారు. కథ ముగిసింది, వంకాయ కాసింది అనే అర్థం వచ్చే ప్రాసమాటతో దించుతారు. కన్నడంలో "ఒందు ఊరల్లి ఒబ్బ రాజ ఇద్ద" అంటారు. మరాఠీ వ్రతకథల్లో ఊరి పేరు ఎప్పుడూ "ఆట్‌పాట్ నగర్". సి.ఎ. కింకెయిడ్ ఆ కథలను 1914లో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఆ ఊరి పేరును అలాగే ఉంచాడు. అరవై మాటల కథ ఐదు మాటల్లో సఫల సంపూర్ణమైందని చెప్పడం వాటి ముగింపు. మన నోముల కథలు చివర అక్షింతలు తలమీద వేసుకోమనీ, ఉద్యాపన ఎలా చేయాలో చెప్పీ ముగుస్తాయి. అంటే విన్నవాళ్ళకు కథ ఒక పని అప్పగించి సెలవు తీసుకుంటుంది.

మన విద్యార్థుల్లో చాలామందికి వీటిలో కనీసం రెండు ఒప్పందాలు చెవిన పడి ఉంటాయి. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి. యానాంలో 1954 దాకా పాలన ఫ్రెంచివారిది, ఇంటి కథ మాత్రం తెలుగుది. ఈ రెండు చెవుల సంపద మీద ఇంతవరకు మన పాఠాలు పెద్దగా దృష్టి పెట్టలేదు.

ఏడు చేపలు, ఒక పూలచెట్టు

దీనికి ఒడిశాలోని మన విద్యార్థులు వెంటనే గుర్తుపట్టగల ఉదాహరణ ఒకటి చెబుతాము. ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఏడుగురు రాకుమారులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమేటు మీద పెట్టింది, మేటు ఆవు మీద పెట్టింది, ఆవు పాలేరు మీద, పాలేరు అన్నం పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లవాడి మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద పెట్టారు. చీమ మాత్రం ఎవరి మీదా పెట్టలేదు. తన పుట్టలో వేలు పెడితే ఊరుకుంటానా అని ఎదురు ప్రశ్న వేసింది. కథ అక్కడ ఆగుతుంది.

ఒడియాలో ఏ కథ అయినా ముగించేటప్పుడు, నా కథ అయిపోయింది, పూలచెట్టు చచ్చిపోయింది అనే అర్థం గల మాట చెబుతారు. ఎందుకు చచ్చిపోయావని చెట్టును అడిగితే ఆవు తినేసిందంటుంది. ఆవును అడిగితే గోపాలుడు కాయలేదంటుంది. అతడిని అడిగితే కోడలు అన్నం పెట్టలేదంటాడు. కోడలు బిడ్డ ఏడ్చాడంటుంది, బిడ్డ చీమ కుట్టిందంటాడు. చీమ తన స్వభావం చెప్పి ఊరుకుంటుంది. వంగభాషలోనూ ఇదే గొలుసు ఉంది. లాల్ బిహారీ దే 1883లో ప్రచురించిన బెంగాలీ జానపద కథల సంపుటిలో కథల చివర ఇది కనిపిస్తుంది.

ఆవు, పశువుల కాపరి, అన్నం పెట్టని ఇల్లాలు, ఏడ్చే బిడ్డ, కుట్టే చీమ - వరుస కూడా ఒకటే. భేదం ఒక్కటే. తెలుగులో పూర్తి కథగా నిలిచినది, ఒడియాలో, వంగభాషలో ప్రతి కథకూ తోకగా నిలిచింది. ఏది ముందు, ఏది వెనుక అనే వాదంలోకి మేము పోవడం లేదు. ఒక భాషవారు కథ అనుకున్నదాన్ని పక్క భాషవారు ముగింపు అనుకున్నారనేదే ఇక్కడ ముఖ్యం. ముగింపు అంటే కథకు అతికించిన ముక్క కాదు, దానిలోనూ ఒక కథ నడవగలదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం మాకు దొరకలేదు. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పెరిగిన పిల్లవాడికి ఈ పాఠం పుస్తకం లేకుండానే వచ్చు.

నీతి గడప దగ్గర నుంచి తోక దగ్గరికి

ఇక "ఈ కథలోని నీతి" సంగతి. ఇది మన ప్రాచీన పద్ధతి అని చాలామంది అనుకుంటారు. పంచతంత్రాన్ని కొంచెం జాగ్రత్తగా చూస్తే అలా తోచదు. చదువు ఒంటబట్టని రాకుమారులకు విష్ణుశర్మ కథలు చెప్పాడన్నది అందరికీ తెలిసినదే. ఆ కథల్లో నీతి వచ్చే చోటును మాత్రం అంతగా గమనించము. ఒక పాత్ర ముందుగా నీతి చెబుతుంది: తనకు పనిలేని చోట వేలు పెట్టినవాడు, మేకు పీకిన కోతిలాగా చెడతాడని. ఏ కోతి? ఏ మేకు? రెండో పాత్ర "అదెట్లు?" అని అడుగుతుంది. అప్పుడు కథ మొదలవుతుంది. ఇక్కడ నీతి కథకు గడప. అది పొడుపుకథలాగా వినేవాడిని లోపలికి లాగుతుంది. "అదెట్లు?" అనే ప్రశ్న ఊ కొట్టడానికి పెద్దన్న వంటిది.

పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో మద్రాసులో వెలువడింది. మిత్రలాభం, మిత్రభేదం ఆయన రాసినవి. సంధి, విగ్రహం తరువాత వీరేశలింగం చేతిమీదుగా వచ్చాయి. ఈ గ్రంథం తరతరాల విద్యార్థులకు వచనానికి ఒరవడి అయింది. అందులోనూ కథలోంచి కథ పుట్టే పాత పద్ధతే ఉంది. అయితే బడి దానినుంచి తీసుకున్నది కథ నడకను కాదు, భాషను. "ఉండెను", "కలదు" అన్న మాటలు కథకు తగిన మాటలని నిర్ణయమైపోయింది. మరొకవైపు ఐరోపాలో అచ్చయిన ఈసపు కథల సంపుటాల్లో నీతివాక్యాన్ని కథ చివర విడిగా వేసే ఆచారం ఉండేది. ఆంగ్ల విద్యతో పాటు అదీ మన వాచకాల్లోకి వచ్చింది. గడప దగ్గర ప్రశ్న రేపిన నీతి, తోక దగ్గర జవాబై కూర్చుంది. జవాబు ముందే తెలిసిన తరువాత పిల్లవాడికి కథ మీద అధికారం ఏముంటుంది? మన పాప రాతప్రతిలో కనబడినవి ఈ రెండు వారసత్వాలే.

ఈ భాషను బడిలోనే ప్రశ్నించినవారు ఒకరు పర్లాకిమిడిలో ఉండేవారు. గిడుగు రామమూర్తి (1863-1940) అక్కడ ఉపాధ్యాయులు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఇంటి మాటే బడిలో మొదటి పాఠం కావాలన్న నమ్మకం ఆయనకు సవర పిల్లల విషయంలోనూ, తెలుగు పిల్లల విషయంలోనూ ఒకటే.

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని రాయవచ్చునని అనుమతి వచ్చింది. ఆధునిక భాషకు నమూనాగా చూపిన వాటిలో ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఒకటి. అంటే ప్రయాణం చేసినవాడు చూసినది చూసినట్టు రాసుకున్న వచనం. గ్రాంథికవాదుల ప్రతిఘటన వల్ల ఆ అనుమతి నిలవలేదు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాశారు. విశ్వవిద్యాలయాల్లో వాడుకభాషకు పూర్తి ఆమోదం రావడానికి మరో అర్ధశతాబ్దం పైనే పట్టింది. ఈ తగాదాను మనం సాధారణంగా భాషోద్యమ చరిత్రగా చదువుతాము. కాని దాని నడిమధ్య ఉన్నది పరీక్ష హాలులో కూర్చుని మొదటి వాక్యం ఎలా రాయాలో తెలియక కలం పట్టుకున్న పిల్లవాడు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు.

కాగితం మీద ఊ

కాగితం మీద కథ రాసేవాడికి ఒక కష్టం ఉంది. ఎదురుగా ఊ కొట్టేవాడు లేడు. చదివేవాడు ఎప్పుడు నిద్రపోయాడో తెలియదు. ఆధునిక కథారచయితలు పరిష్కరించిన సమస్య ఇదే.

1902లో 'హిందూసుందరి'లో 'ధనత్రయోదశి' ప్రచురించిన భండారు అచ్చమాంబ, భర్త ఉద్యోగరీత్యా నాటి మధ్యపరగణాల్లో నివసించారు. తెలుగు మాట చుట్టూ వినపడని చోట నుంచి తెలుగు కథ రాసిన తొలి రచయిత్రి ఆమె అని మహారాష్ట్రలోని మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. 1910లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. అందులో రాజు లేడు, ఊరు లేదు, పరిచయం లేదు. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన భర్త తలుపు తీయమని పిలవడంతో కథ ఎత్తుకుంటుంది. తలుపు ఎందుకు తీయలేదని పాఠకుడు తనలో తాను అడుగుతాడు. ఆ అడగడమే కాగితం మీద ఊ. భార్య ఇల్లు విడిచిపోయిందని భర్త నమ్మి పశ్చాత్తాపపడిన తరువాత, మంచం కింద నుంచి ఆమె నవ్వు వినిపించడంతో కథ ముగుస్తుంది. దిద్దుబాటు జరిగిందని రచయిత విడిగా చెప్పనక్కరలేదు. పిలుపుకు పలకని ఇల్లు చివరికి నవ్వుతో పలికింది. ఎత్తుగడ అడిగినదానికి ముగింపు జవాబిచ్చింది.

పిల్లల కోసం ఈ పని చేసినవి మద్రాసు పత్రికలు. 1945లో న్యాయపతి రాఘవరావు 'బాల' మొదలుపెట్టారు. పిల్లలకు రాయడమే కాక, పిల్లలు రాసినవాటికి చోటిచ్చిన పత్రిక అది. బాలుడైన ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ 'అమ్మ మాట వినకపోతే' అందులోనే వచ్చింది. ఆ శీర్షికను చూడండి. "అమ్మ మాట వినాలి" అనలేదు. వినకపోతే ఏమవుతుందో అని ఆగింది. నీతి మళ్ళీ గడప దగ్గరికి వచ్చింది.

1947 జూలైలో 'చందమామ' తెలుగులోనూ, తమిళంలోనూ మొదలై, తరువాత కన్నడం, మరాఠీ, ఒడియా తదితర భాషలకు విస్తరించింది. దానిలోని బేతాళ కథలకు ఎత్తుగడ ప్రతి నెలా ఒకటే: రాజు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. ముగింపూ ఒకటే: బేతాళుడు ప్రశ్న వేస్తాడు, రాజు జవాబు చెప్పి మౌనం చెడగొట్టుకుంటాడు, శవం చెట్టెక్కుతుంది. సంస్కృతంలోని పాతిక కథలు అయిపోయినా పత్రిక కొత్త కథలతో ఆ శీర్షికను దశాబ్దాలు నడిపింది. మొదలూ చివరా మారకుండా, మధ్యలో మాత్రం ఎన్ని కథలైనా పట్టే చట్రమది. రాజు జవాబు చెప్పకముందే పుస్తకం మూసి, తమ జవాబు తాము ఆలోచించుకున్న పిల్లలు ఎందరో. ఇప్పుడు ఆ పత్రిక రావడం లేదు. దానితోపాటు, నాలుగు రాష్ట్రాల్లోని తెలుగు ఇళ్ళకు నెలనెలా వచ్చే తెలుగు అచ్చు అక్షరమూ చాలా చోట్ల ఆగింది.

ఈ చరిత్రలో ఒక సంగతి మనవారికి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. మద్రాసు, పర్లాకిమిడి, మధ్యపరగణాలు - తెలుగు కథారచన మలుపులు తిరిగిన చోట్లలో చాలా భాగం నేటి రెండు తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ (మరణం 2021) తమిళంలో రాసినా, తన వారి వలస కథను 'గోపల్లగ్రామం'లో చెప్పారు. కరిసల్ సీమ జానపద కథలను సేకరించారు. ఇంటి అరుగుమీది చెప్పే తీరును తమిళ వచనంలో నిలబెట్టారు. కనుక, మనం అంచున ఉన్నాము, మన పిల్లల తెలుగు కథకు పనికిరాదు అనే న్యూనత అక్కరలేదు.

తరగతి గదిలో

మేము ఇప్పుడు అనుసరిస్తున్న పద్ధతి ఈ చరిత్ర నుంచి తీసుకున్నదే.

మొదట నోరు, తరువాత చేయి. పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరిని చెప్పమంటాము, మరొకరిని ఊ కొట్టమంటాము. నోటితో వచ్చిన మొదటి వాక్యాన్నే, యాసతో సహా, కాగితం మీద మొదటి వాక్యంగా పెట్టమంటాము. వర్ణక్రమం దిద్దుతాము గాని వాక్యాన్ని దిద్దము.

రెండవది, మొదటి వాక్యం చదివి పక్కవాడు ఏ ప్రశ్న అడుగుతాడో రాయమంటాము. ప్రశ్నేదీ పుట్టకపోతే రెండో వాక్యంతోనో, మూడో వాక్యంతోనో మొదలుపెట్టి చూడమంటాము. తరచు నాలుగో వాక్యం దగ్గర కథ దొరుకుతుంది. "అనగనగా"ను నిషేధించము. రాజుల కథకు అది ఇప్పటికీ మంచి వాకిలే. అవ్వ కోడికి మాత్రం ఆ వాకిలి పెద్దదైపోతుంది.

మూడవది ముగింపు. నీతి రాయాలనిపిస్తే దాన్ని పైకి తీసుకుపోయి, "అదెట్లు?" అనిపించేటట్టు మార్చమంటాము. ముగింపులో మాత్రం, మొదట్లో కనిపించిన వస్తువో మనిషో మాటో మళ్ళీ ఒకసారి కనబడాలి, కాని మొదట్లో ఉన్నట్టు ఉండకూడదు. లేదా బేతాళుడిలాగా ప్రశ్న వేసి వదిలేయవచ్చు. ఒడియా తెలిసినవారు పూలచెట్టుతోనూ, తమిళం తెలిసినవారు వంకాయతోనూ ముగించవచ్చు. అది భాషాసంకరమని మేము భావించడం లేదు. ఏడు చేపలు దాటివచ్చిన దారి అదే.

చివరిగా, ఎవరికి చెబుతున్నావని అడుగుతాము. ఈ ఒక్క ప్రశ్న తక్కినవాటి కంటె ఎక్కువ పని చేసింది. హోసూరు పాపను అడిగినప్పుడు ఆమె కొంతసేపు ఆలోచించి, "కోళ్ళు కొనేదానికి వస్తాడే, ఆయనకు" అన్నది. కాగితం మళ్ళీ తీసుకుంది. ఈసారి కథ ఇలా మొదలైంది: "మా అవ్వ కోడిని అమ్మేది లేదనింది. నువ్వు మళ్ళీ వస్తావని తెలిసి, ఎందుకో చెప్తాను విను."

చివర నీతి లేదు. కోడి పేరు ఉంది.